గారె చిల్లు దగ్గరే ఆగిపోదామా?

సావనీరు అనగానే అధ్యక్షుల వారి మాట, కార్యదర్శి నివేదిక, నాలుగు కవితలు, గ్రూపు ఫోటోలు ఉండవలసిందే. వాటి నడుమ లెక్కల వ్యాసం ఎవరు చదువుతారని సందేహం రావడం సహజం. అయినా ధైర్యం చేస్తున్నాను. ఈ కాలేజీలో లెక్కలు చదివేవాళ్లూ ఫిజిక్సు చదివేవాళ్లూ ఒకే వరండాలో నడుస్తూ ఒకరి పుస్తకం ఇంకొకరు తెరవకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్నది. ఆ బాధకు ఒక మంచి ఉదాహరణ దొరికింది కనుక రాస్తున్నాను.

2016లో ఫిజిక్సు నోబెల్ బహుమతి థౌలెస్, హాల్డేన్, కాస్టర్లిట్జ్ అనే ముగ్గురికి వచ్చింది. ప్రకటన నాడు కమిటీ సభ్యుడొకాయన చేతిలో రొట్టెలు పట్టుకొని వచ్చి, దీనికి చిల్లు లేదు, దీనికి ఒక చిల్లు, దీనికి రెండు చిల్లులు, టోపాలజీ అంటే ఇదే అన్నాడు. మన దగ్గర దాన్నే బూరె, గారె అని చెబుతారు. బూరెను ఎంత నొక్కినా గారె కాదు, చిల్లు పొడవాలి. చిల్లుల లెక్క పూర్ణాంకం, సగం చిల్లు అంటూ ఉండదు. వినడానికి బాగుంటుంది, పిల్లలు నవ్వుతారు, సెమినారు అయిపోతుంది, టీ తాగి వెళ్లిపోతాం.

కాని అడగవలసిన ప్రశ్న అడగకుండానే వెళ్లిపోతున్నాం. బిస్మత్ సెలినైడ్ అనే స్ఫటికాన్ని టోపలాజికల్ ఇన్సులేటర్ అంటున్నారు గదా, మరి దానిలో చిల్లు ఎక్కడ ఉంది? రాయి రాయిలాగానే ఉంది. చిల్లు రాయిలో లేదు, దానిలో తిరిగే ఎలక్ట్రాన్ తరంగాల లెక్కలో ఉంది. గారె కథ ఆ లెక్క గుమ్మం దాకా తీసుకుపోయి బయటే వదిలేస్తుంది. లోపలికి పోవడానికి పెద్ద పెద్ద పరికరాలు కావాలనీ, అది ఐఐటీల వాళ్ల సంగతనీ మనవాళ్లు అనుకుంటారు. నా వాదన ఒక్కటే: ఈ గణితానికి మొదటి మెట్టు బి.ఎస్సీ. విద్యార్థి కాలికి అందే ఎత్తులోనే ఉంది. దాన్ని ఎక్కనీయకుండా చేస్తున్నది పేదరికం కాదు, తెలివి తక్కువతనం అంతకన్నా కాదు. మనం పాఠాలను అమర్చుకున్న తీరు.

ముందు వస్తువేమిటో చెప్పుకుందాం. లోపల కరెంటును పోనీయదు, పైపొర మీద మాత్రం పోనిస్తుంది. గద్వాల చీర గుర్తుకొస్తుంది: ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, జరీ. అయితే పోలిక ఇక్కడే తెగిపోతుంది, తెగిన చోటే అసలు విషయం ఉన్నది. గద్వాల చీర అంచు కత్తిరించి పారేస్తే మిగిలేది వట్టి నూలుగుడ్డ. బిస్మత్ సెలినైడ్ పైపొర చెక్కి పారేస్తే కింద బయటపడిన కొత్త పొర మళ్లీ కరెంటును పోనిస్తుంది. ఎన్నిసార్లు చెక్కినా అంతే. అంచును ఎవరూ తెచ్చి అతికించలేదు, ఒంటి నేతే అంచును పుట్టిస్తున్నది. (నిజం స్ఫటికాలలో లోపాల వల్ల లోపల కూడా కొంత కరెంటు పోతుంది, ప్రయోగాలు చేసేవాళ్ల తలనొప్పి అది. ఇక్కడ ఆదర్శ స్ఫటికం గురించి మాట్లాడుకుంటున్నాం.)

ఒంటి నేత అంచును ఎలా పుట్టిస్తుంది? మన ఘనస్థితి పాఠంలో ఇన్సులేటర్ అంటే నిండిన శక్తి పట్టీ, ఖాళీ పట్టీ, వాటి మధ్య ఎడం. ఎడం ఉంటే ఇన్సులేటర్, లేకపోతే లోహం. పాఠం అక్కడితో సరి. అది చాలదని చూపే అతి చిన్న ఉదాహరణ 1979లో సూ, ష్రీఫర్, హీగర్ అనే ముగ్గురు పాలీఎసిటిలీన్ అనే గొలుసు అణువు మీద రాసిన లెక్కలో ఉంది. దాన్ని మన కోలాటంతో చెబుతాను.

ఇరవై మంది గుండ్రంగా నిలబడి కోలాటం వేస్తున్నారు. వరుసగా 1 నుంచి 20 దాకా నంబర్లు ఇద్దాం. ఒక పద్ధతిలో 1తో 2, 3తో 4, ఇలా జంటలు గట్టిగా కొడతాయి. 2తో 3, 4తో 5 మెల్లగా తాకించి వదిలేస్తాయి. రెండో పద్ధతిలో తారుమారు: 2తో 3, 4తో 5 గట్టిగా, 1తో 2, 3తో 4 మెల్లగా. గుండ్రంగా ఉన్నంతసేపు ఈ రెండు ఆటలకూ తేడా చూసేవాడికి తెలియదు. ఇప్పుడు 20కి, 1కి మధ్య వలయాన్ని తెంపి అందర్నీ వరుసగా నిలబెట్టండి. మొదటి పద్ధతిలో ఎవరి జంట వారికి ఉంది. రెండో పద్ధతిలో 1వ వాడూ 20వ వాడూ గట్టి జోడు లేక నిలబడిపోయారు. మధ్యలో ఎవరికీ లోటు లేదు, లోటంతా రెండు కొసలలో తేలింది. ఆ కొసల వాళ్లే అంచు స్థితులు.

ఇది బొమ్మ. ఇక లెక్క. గట్టి బంధానికి 2, మెల్లని బంధానికి 1 అని విలువలు ఇద్దాం. (1,2), (3,4) అనే జంటలను గదులు అనుకుందాం. గది లోపలి బంధం ఒకటి, గదికీ గదికీ మధ్య బంధం ఒకటి. ఎలక్ట్రాన్ తరంగం ఒక గది నుంచి పక్క గదికి పోయేసరికి దాని దశ కొంత కోణం తిరుగుతుంది. ఆ కోణం 0 నుంచి 360 డిగ్రీల దాకా ఏదైనా కావచ్చు. లోపలి బంధానికి, బయటి బంధాన్ని ఆ కోణంలో తిప్పి కలిపితే ఒక సంకీర్ణ సంఖ్య వస్తుంది. దాని పరిమాణమే ఎలక్ట్రాన్ శక్తి, ధనం ఒకటి, రుణం ఒకటి. రెండు వరుసల మాత్రికకు ఐగెన్ విలువలు కట్టడం వచ్చినవారు ఎవరైనా ఇది అయిదు నిమిషాలలో రాబట్టగలరు.

బొమ్మ గీసుకోండి. వాకిట్లో ఒక ముగ్గు చుక్క పెట్టండి, అది మూలబిందువు. చుక్కకు ఒక గజం దూరంలో గుంజ పాతి, రెండు గజాల పలుపుతో ఎద్దును కట్టండి. తాడు బిగువుగా పట్టి ఎద్దు ఒక చుట్టు తిరిగింది. చుక్కకూ ఎద్దుకూ మధ్య దూరమే శక్తి. దగ్గరకు వచ్చినప్పుడు ఒక గజం, దూరం పోయినప్పుడు మూడు గజాలు. ఇప్పుడు తిరగేయండి: చుక్కకు రెండు గజాల దూరంలో గుంజ, ఒక గజం పలుపు. దగ్గరి దూరం ఒకటి, ఎక్కువ దూరం మూడు. అవే అంకెలు! శక్తి పట్టీల గ్రాఫు గీస్తే రెండింటికీ ఒకే గీత వస్తుంది, పట్టీల మధ్య ఎడం రెండింటిలోనూ 2. మన పాఠ్యపుస్తకం ఈ రెండూ ఒకే ఇన్సులేటర్ అంటుంది.

కాని ముగ్గు చుక్కను అడగండి. మొదటి ఎద్దు దాని చుట్టూ తిరిగి వచ్చింది. రెండో ఎద్దు తిరగలేదు, ఒక పక్కనే ఉండిపోయింది. మొదటిదానికి చుట్ల లెక్క 1, రెండోదానికి 0. పలుపు కొంచెం పెంచినా తగ్గించినా, గుంజ అటూ ఇటూ జరిపినా, ఎద్దు వంకరటింకరగా నడిచినా ఈ లెక్క మారదు. 1ని 0 చేయాలంటే ఎద్దు ఏదో ఒక క్షణాన చుక్కను తొక్కి తీరాలి. తొక్కిన క్షణాన దూరం సున్నా, అనగా ఎడం మూసుకుపోయింది, ఇన్సులేటర్ కాస్తా లోహం అయింది. చిల్లు ఎక్కడ ఉందని అడిగాం గదా, ఆ ముగ్గు చుక్కే చిల్లు. ఎద్దు తొక్కకూడని చోటు.

చుట్ల లెక్కకూ కొసల స్థితికీ ఉన్న సంబంధం చూడడానికి ఇంటర్మీడియెట్ గుణశ్రేఢి చాలు. కొస దగ్గర శక్తి సున్నా ఉన్న తరంగం కావాలి. షరతు రాస్తే, ప్రతి గదిలోని మొదటి పరమాణువు మీద తరంగం విలువ వెనుకటి గదిలోని విలువకు రుణ గుర్తుతో, లోపలి బంధాన్ని బయటి బంధంతో భాగించినంత రెట్లు ఉండాలని వస్తుంది. లోపలి బంధం 1, బయటిది 2 అయితే విలువలు 1, రుణ అర, పావు, రుణ అరపావు. క్రమంగా ఆరిపోతుంది. వర్గాలు చేసి కూడితే మూడింట నాలుగు. అందులో మొదటి పరమాణువు వాటా నాలుగింట మూడు. అంటే ఎలక్ట్రాన్ ముప్పాతిక వంతు మొదటి పరమాణువు మీదనే కూర్చుంది! బంధాలు తారుమారు చేస్తే 1, రుణ 2, 4, రుణ 8 అని పెరిగిపోతుంది, అటువంటి తరంగం పనికిరాదు. కాబట్టి చుట్ల లెక్క 1 అయినప్పుడే కొసన ఎలక్ట్రాన్ కూర్చోగలదు. లోపలి లెక్క అంచును శాసిస్తుందనే సిద్ధాంతానికి ఇంతకంటే చిన్న రుజువు నాకు తెలియదు. దీనిలో ఏ అడుగు మన బి.ఎస్సీ. సిలబస్ దాటిందో చెప్పండి.

ఇక్కడి నుంచి పైకి మెట్లున్నాయి, వాటిని త్వరగా చూపించి ముందుకు పోతాను. గొలుసుకు బదులు పలచని పొర తీసుకుంటే, ఒక కోణానికి బదులు రెండు కోణాలు వస్తాయి. చుట్ల లెక్క స్థానంలో షియింగ్-షెన్ చెర్న్ అనే గణితవేత్త 1940లలో కనిపెట్టిన పూర్ణాంకం వస్తుంది. చెర్న్ ఏ స్ఫటికాన్నీ దృష్టిలో పెట్టుకొని దాన్ని కనిపెట్టలేదు. 1980 ఫిబ్రవరిలో ఫాన్ క్లిట్జింగ్ గట్టి అయస్కాంత క్షేత్రంలో ఒక పలచని ఎలక్ట్రాన్ పొర నిరోధాన్ని కొలిస్తే అది 25,812.807 ఓములను 1, 2, 3 అనే పూర్ణాంకాలతో భాగించిన మెట్ల మీదనే నిలబడింది. నమూనా మురికిగా ఉన్నా, ఆకారం వంకరగా ఉన్నా మెట్టు కదలలేదు. ఎందుకు కదలలేదో 1982లో థౌలెస్, కొహ్మొటో, నైటింగేల్, డెన్ నైస్ చూపించారు. ఆ పూర్ణాంకం చెర్న్ పూర్ణాంకమేనని మరుసటి ఏటికే గణితవేత్తలు గుర్తుపట్టారు. 1988లో హాల్డేన్ బయటి అయస్కాంత క్షేత్రపు ప్రవాహం లేకుండా కూడా ఇది సాధ్యమని తేనెపట్టు గళ్ల మీద లెక్క కట్టి చూపాడు. పాతికేళ్ల తరువాత, 2013లో, పేకింగులోని త్సింగ్వా విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని ప్రయోగంలో చూశారు.

2005లో కేన్, మెలె వేసిన అడుగు మరీ విచిత్రమైనది. కాలాన్ని వెనక్కి తిప్పినా మారని పదార్థంలో చెర్న్ లెక్క సున్నా కాక తప్పదు. అక్కడ అంతా అయిపోయిందనే అందరూ అనుకున్నారు. వీళ్లు పూర్ణాంకం పోయినా సరి-బేసి మిగులుతుందన్నారు. ఎలక్ట్రాన్ స్పిన్ స్వభావం వల్ల కాలాన్ని రెండుసార్లు తిప్పితే తరంగానికి రుణ గుర్తు వస్తుంది. అందువల్ల స్థితులు జంటలుగానే ఉంటాయని 1930లోనే క్రామర్స్ చెప్పాడు. అంచు మీద అటువంటి జంటలు రెండు ఉంటే అవి ఒకదాన్నొకటి మింగి మాయం కాగలవు. ఒక్క జంటే ఉంటే దాన్ని మింగేది లేదు. మనం పిల్లప్పుడు గుప్పిట్లో చింతగింజలు పట్టుకొని ఆడిన సరి-బేసి ఆటే. రెండేసి తీసేస్తూ పోతే చివరకు ఒకటి మిగిలిందా లేదా, అంతే లెక్క. 2007లో జర్మనీలోని వ్యుర్జ్‌బుర్గ్‌లో మోలెన్‌క్యాంప్ బృందం పాదరస టెల్యురైడ్ పొరలో ఈ అంచు కరెంటును కొలిచింది.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న దగ్గరికి వస్తున్నాను. ఒక కొత్త స్ఫటికం ఇస్తే అది సరియా బేసియా ఎలా తేల్చడం? 2007లో ఫు, కేన్ ఒక సులభమైన దారి చూపారు. స్ఫటికానికి కేంద్ర సౌష్ఠవం ఉంటే, తరంగ సదిశనూ దాని వ్యతిరేకాన్నీ వేరు చేయలేని ఎనిమిది ప్రత్యేక బిందువులు ఉంటాయి. ఆ ఎనిమిది చోట్ల నిండిన జంటలకు సమతా గుర్తు ధనమా రుణమా చూసి, అన్నిటినీ గుణించాలి. జవాబు రుణం వస్తే టోపలాజికల్ ఇన్సులేటర్. గుర్తులు ఎలా తెలుస్తాయి? స్ఫటిక సౌష్ఠవ సమూహం, దాని ప్రాతినిధ్యాలు, లక్షణ పట్టికలతో తెలుస్తాయి. 2017 తరువాత ఇదే పద్ధతిని 230 స్పేస్ గ్రూపులకూ విస్తరించి, 2019లో మూడు బృందాలు తెలిసిన స్ఫటికాలను వేల సంఖ్యలో జల్లెడ పట్టి జాబితాలు వేశాయి.

లక్షణ పట్టికలు అనగానే మనకు గుర్తు రావలసిన పేరు ఒకటి ఉంది. సూరి భగవంతం గారు హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరి, తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేశారు. అక్కడ ఆయనా టి. వెంకటరాయుడు గారూ కలిసి, ఒకరు ఫిజిక్సు ఒకరు లెక్కలు అనుకోకుండా, సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు వాడడం గురించి ఒక పుస్తకం రాశారు. 1948లో ఆ విశ్వవిద్యాలయమే దాన్ని అచ్చువేసింది. అణువుల కంపనాలలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో, ఏవి కనిపించవో కాగితం మీద లక్షణ పట్టికతో చెప్పగల విద్య అది. 1966లో భగవంతం గారు స్ఫటిక సౌష్ఠవం మీద రాసిన పుస్తకంలో అయస్కాంత స్ఫటికాల సంగతి కూడా ఉంది. అందులో కాలాన్ని తిరగేయడం కూడా ఒక సౌష్ఠవ క్రియే. సమతా గుర్తులు, కాలవిపర్యయం, లక్షణ పట్టికలు: ఫు, కేన్ పద్ధతికి కావలసిన సరుకంతా మన తెలుగు విశ్వవిద్యాలయాల గదులలో అరవై డెబ్భై ఏళ్ల క్రితమే ఉంది. లేనిది టోపాలజీ ఒక్కటే. అది పక్క డిపార్టుమెంటులో ఉంది!

భగవంతం గారు 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. నల్లగొండ, పాలమూరు జిల్లాలలో కాలేజీలు చాలాకాలం ఆ విశ్వవిద్యాలయం కిందివే. 2007లో నల్లగొండకు మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌కు పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. కాబట్టి మనకు వారసత్వం లేదనే మాట నేను ఒప్పుకోను. వారసత్వం ఉంది, మధ్యలో గోడ కట్టుకున్నాం. ఎమ్మెస్సీ లెక్కలలో టోపాలజీ ఒక పేపరు. వివృత సమితి, సంహత సమితి, సిద్ధాంతం, రుజువు. ఏడాది చివర మార్కులు వస్తాయి గాని ఒక్క ఎలక్ట్రాన్ ఆ పేపరులోకి తొంగిచూడదు. ఎమ్మెస్సీ ఫిజిక్సులో శక్తి పట్టీలు ఒక పేపరు, అందులో ఒక్క చుట్ల లెక్క కనిపించదు. ఇద్దరికీ ఒకే గంటలో చెప్పగలిగిన విషయాన్ని ఇద్దరికీ చెప్పకుండా దాటేస్తున్నాం.

ఇది వింటే విద్యార్థి మిత్రుడు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "గిదంతా నేర్చుకుంటే ఏం ఫాయిదా సార్, గ్రూప్స్‌ల అడుగుతరా?" అడగరు నాయనా. ఆ గ్రూప్స్ వేరు, ఈ గ్రూపులు వేరు. ఉద్యోగం కావలసినవాడిని ఉద్యోగం కోసం చదవొద్దని చెప్పే హక్కు నాకు లేదు. మెట్ట సేద్యం మీద, బొంబాయికి వలసపోయిన నాయన కూలి డబ్బుల మీద చదువుకునే పిల్లలున్న జిల్లాలు మనవి. ఫాయిదా ప్రశ్న ఇక్కడ ఎగతాళి కాదు. దానికి అబద్ధం చెప్పి తప్పించుకోకూడదు. టోపలాజికల్ ఇన్సులేటర్లతో రేపే కొత్త కంప్యూటర్లు వస్తాయని కొందరు ఊరిస్తారు. ఇంతవరకు ఆ వస్తువుతో బజారుకు పెద్దగా ఏమీ రాలేదు. నికరంగా వచ్చిన ఉపయోగం క్లిట్జింగ్ మెట్లది. దేశదేశాల ప్రమాణ ప్రయోగశాలలలో ఓమును సరిచూసుకోవడం ఆ మెట్ల మీదనే.

నేను చెప్పే ఫాయిదా వేరు. పరిశోధన అంటే కోట్ల పరికరం, అది లేనివాడు దూరం నుంచి చూడవలసిందే అనే మాట మన పిల్లలు చిన్నప్పటి నుంచి వింటున్నారు. ఈ విషయంలో ఆ మాట నిజం కాదు. హాల్డేన్ 1988లో చేసిందీ, కేన్, మెలె 2005లో చేసిందీ కాగితం మీది లెక్క. పరికరాలు తరువాత వచ్చాయి. బొంబాయి టాటా సంస్థలో పనిచేసిన విజయ్ కుమార్ పాటోడి, అతియా, సింగర్‌లతో కలిసి 1975లో అంచు ఉన్న తలాల మీద ఒక సూచిక సిద్ధాంతం నిరూపించాడు. ముప్పై ఒక్క ఏళ్లకే, 1976లో, చనిపోయాడు. ఈనాడు టోపలాజికల్ ఇన్సులేటర్ల గణితాన్ని బాగుగా అర్థం చేసుకోవాలనుకునేవారు ఆ సిద్ధాంతం దగ్గరికే వెళుతున్నారు. అతనికి కావలసింది కూడా కాగితం, తోటివారితో మాట్లాడే అవకాశం. మన దగ్గర కాగితానికి కొదవలేదు.

కనుక విద్యార్థి సంఘానికి, రెండు డిపార్టుమెంట్ల లెక్చరర్లకు ఒక మనవి. సిలబస్ మార్చమని బోర్డు ఆఫ్ స్టడీస్‌కు అర్జీ పెట్టండి, మంచిదే, కాని అది ఎప్పటికి తెములుతుందో ఎవరు చూశారు! ఈలోగా శనివారం మధ్యాహ్నం ఒక గంట ఖాళీ గది, ఒక బోర్డు చాలు. మొదటి వారం లెక్కల విద్యార్థి చుట్ల లెక్క చెప్పాలి, ఫిజిక్సు విద్యార్థి శక్తి పట్టీ చెప్పాలి. రెండో వారం వేషాలు మార్చుకోవాలి. లెక్చరర్లు వెనుక బెంచీలో కూర్చోవాలి. సంఘం ఎన్నికల్లో పోస్టర్లకయ్యే ఖర్చులో పదో వంతు కూడా దీనికి కాదు.

మూడో వారానికి పని కూడా చెబుతాను. ఇరవై మంది కోలాటాన్ని ఇరవై వరుసల మాత్రికగా రాయండి: పక్కపక్క వాళ్ల మధ్య వరుసగా 1, 2, 1, 2 అని, మొదటి బంధం 1, ఆఖరి బంధం 1. మిగతా అన్నీ సున్నాలు. కంప్యూటర్ ల్యాబులో ఏ మెషీన్ అయినా దాని ఐగెన్ విలువలు క్షణంలో ఇస్తుంది. పద్దెనిమిది విలువలు ధనం 1కి పైన, రుణం 1కి కింద వస్తాయి. రెండు మాత్రం సున్నాకు అటూ ఇటూ, సుమారు 0.0015 దూరంలో ఉంటాయి. అవి కచ్చితంగా సున్నా ఎందుకు కాలేదో, ఇరవై మందికి బదులు నలభై మందిని నిలబెడితే ఆ దూరం ఎంతకు పడిపోతుందో ముందు కాగితం మీద అంచనా కట్టి, తరువాత మెషీన్‌ను అడగండి. ఆపైన నాలుగో వాడికీ అయిదో వాడికీ మధ్య దెబ్బను 2 నుంచి 1.7కు తగ్గించి చూడండి, ఆ రెండు విలువలు సున్నా దగ్గర నుంచి కదులుతాయేమో. జవాబు వచ్చినవారు ఫిజిక్సు నోటీసు బోర్డు మీద కాకుండా లెక్కల డిపార్టుమెంటు నోటీసు బోర్డు మీద అంటించండి.